పిల్లి నోట కొండి

పెంపుడు పిల్లి కందిరీగనో తేనెటీగనో తేలునో పట్టుకుని నమిలి మింగెయ్యడం కడప జిల్లాలో వింతేమీ కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చుట్టుపక్కల చాలా ఇళ్లలో పిల్లిని చేరదీసేది ముద్దు కోసం కంటే ఎలుకల బాధ తప్పించుకోవడానికే. చెనక్కాయ మూటలున్న ఇంట ఎలుక తప్పదు, ఎలుకలున్న ఇంట పిల్లి తప్పదు. ఎలుక దొరకని పూట దాని కన్ను పురుగుల మీద పడుతుంది. ఇటువంటి వేటల్లో ఎక్కువ భాగం మూతి కాస్త వాచి, ఒక పూట చొంగ కారి, తెల్లారేసరికి సద్దుమణుగుతాయి. ఎప్పుడో ఒకటి మాత్రం గంట తిరక్కుండానే ప్రాణం మీదికి వస్తుంది. రెంటికీ తేడా చెప్పేది మూతి వాపు కాదు, పిల్లి ఊపిరి. ఇంట్లోవాళ్లు కంగారుగా చూసేది మాత్రం ఎప్పుడూ వాపునే.

పిల్లి వీటి జోలికి పోయేది రుచి కోసం కాదు. తీపిని పసిగట్టే గ్రాహకానికి కావలసిన జన్యువుల్లో ఒకటి పిల్లి జాతిలో పనిచెయ్యడం మానేసిందని 2005లో శాస్త్రవేత్తలు తేల్చారు. తేనెటీగ తేనెలో మునిగి వచ్చినా పిల్లికి దాంతో పనిలేదు. దాన్ని లాగేది కదలిక, చప్పుడు. మనిషి చెవికి 20 వేల హెర్ట్జ్ దాటిన ధ్వని అందదు. పిల్లి 80 వేలు దాటినదాన్ని కూడా వింటుంది. గోడవార పురుగు పాకినా దానికి తెలిసిపోతుంది. అయితే దగ్గరి చూపు దానికి తక్కువ. మూతికి జానెడు దూరంలో ఉన్నది దాని కంటికి మసకే. అందుకే ముందు పంజాతో తట్టి చూస్తుంది, తర్వాత మీసాలు ఆనించి, ఆపైన నోరు పెడుతుంది. కొండి దిగేది కూడా ఆ వరసలోనే: ముంగాలి మెత్తల్లో, ముక్కు కొసన, పెదవి మీద, చివరకు నాలుక మీద.

పొట్టలో కాదు, గొంతులో

పురుగును మింగింది కాబట్టి విషం కడుపులోకి పోయిందన్నది పెంచేవాళ్ల మొదటి భయం. అది చాలావరకు అక్కర్లేని భయం. తేనెటీగ, కందిరీగ, తేలు విషాల్లో పని చేసేవి ముఖ్యంగా ప్రోటీన్లు, పెప్టైడ్లు. చర్మం కిందికి, కండలోకి దిగితేనే వాటి ప్రతాపం. జీర్ణాశయంలోని ఆమ్లానికి, ఎంజైములకు చిక్కితే మిగతా మాంసంతోపాటు అవీ అరిగిపోతాయి. మింగిన కందిరీగ కన్నా మింగబోతుండగా కుట్టిన కందిరీగే ప్రమాదం. నాలుక మొదట్లోనో గొంతు వాకిట్లోనో ఒక్క పోటు పడితే అక్కడి మెత్తటి కండ ఉబ్బుతుంది. 3 నుంచి 5 కిలోల జీవికి ఉండే గాలి దారి ఎంత? కొద్దిపాటి వాపుకే మూసుకుపోతుంది. అప్పటికి పైనుంచి చూస్తే మూతి మామూలుగానే ఉండొచ్చు.

తేనెటీగ విషాన్ని ఆరబెట్టి తూస్తే అందులో దాదాపు సగం మెలిటిన్ అనే పెప్టైడ్. కణాల పొరలను చీల్చి మంట పుట్టించేది అదే. ఫాస్ఫోలైపేజ్ ఎ2 అనే ఎంజైము పదో వంతుకు కాస్త ఎక్కువ. అలర్జీ తెచ్చేవాటిలో ముందు నిలిచేది అది. హయలురోనిడేజ్ కణజాలంలో దారి తెరిచి మిగిలినవాటిని ముందుకు పంపుతుంది. కందిరీగ విషం కూర్పు వేరు. తేనెటీగ విషం ఆమ్లమనీ కందిరీగ విషం క్షారమనీ చెప్పి, ఒకదానికి వంటసోడా, మరొకదానికి వెనిగర్ పూయమనే సలహా ఒకటి తిరుగుతూ ఉంటుంది. చర్మం లోపలికి దిగిన ప్రోటీన్లను పైపూత ఏమీ చెయ్యలేదు.

తేనెటీగ కొండికి వెనక్కి తిరిగిన ముళ్లుంటాయి. కుట్టాక కొండి, దాంతోపాటు విషపు సంచి ఊడి చర్మంలోనే ఉండిపోతాయి. ఈగ చచ్చినా సంచి కండరాలు కొట్టుకుంటూనే ఉంటాయి. సంచిలోని విషంలో నూటికి తొంభై వంతులు మొదటి 20 సెకన్లలోనే దిగిపోతుందని 1990ల్లో కొలిచి చూశారు. గోటితో గిల్లి తియ్యకూడదు, గీకి తియ్యాలి అన్న పాత పట్టింపు అంత అవసరం కాదనీ, ఎలా తీశారన్నదానికంటే ఎంత త్వరగా తీశారన్నదే ముఖ్యమనీ 1996లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ప్రయోగం చూపింది. పిల్లి విషయంలో ఈ వేగం మనిషికి సాధ్యమయ్యేది అరుదు. చూసేసరికే ఆ 20 సెకన్లు దాటిపోయి ఉంటాయి. పంజా మీదో పెదవి మీదో కొండి కనిపిస్తే తీసెయ్యవచ్చు. నొప్పితో ఉన్న పిల్లి నోట్లో వేలు పెట్టి వెతకడం మాత్రం రెండో గాయాన్ని కొనితెచ్చుకోవడమే. కందిరీగ కొండి ఊడదు. అది ఎన్నిసార్లయినా పొడవగలదు.

నొప్పికీ అపాయానికీ లెక్క కలవదు. కాలి మెత్తలో పోటు పడ్డ పిల్లి ఇల్లు ఎగిరిపోయేలా అరిచి, గంటకల్లా కుంటుతూ తిరుగుతుంది. అలర్జీ ఉన్న పిల్లి చప్పుడు చెయ్యకుండా మంచం కిందికి చేరి కుప్పకూలుతుంది. ఈ రెండో దాన్నే అనాఫిలాక్సిస్ అంటారు. ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పాల్ పోర్టియే 1902లో సముద్రపు ఎనిమోన్ విషాన్ని కుక్కలకు ఎక్కించి దీన్ని గుర్తించారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, కొన్ని వారాల తర్వాత మళ్లీ ఎక్కించిన అదే మోతాదుకు ప్రాణం విడిచింది. రిషేకు 1913లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పాఠం పిల్లికీ వర్తిస్తుంది. పోయిన ఏడు కందిరీగను తింటే ఏమీ కాలేదన్న ధైర్యానికి ఆధారం లేదు. శరీరం విషాన్ని గుర్తుపెట్టుకునేది ఆ మొదటిసారే. కుక్కలో ఈ దెబ్బ ముందుగా కాలేయం మీద, పేగుల మీద పడుతుంది. పిల్లిలో మొదట తగిలేది ఊపిరితిత్తులకు. వాపును వదిలి ఊపిరిని చూడమనడం అందుకే.

మిద్దెలు, బండలు, తోటలు

జమ్మలమడుగు వైపు నేలంతా సున్నపురాయి. 1872లో భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ ఇక్కడి రాతి పొరల సముదాయానికి జమ్మలమడుగు పేరే పెట్టాడు. ఇంటి నేలకు, అరుగుకు, పెరటి గోడకు వాడే నాపబండ ఈ రాయే. బండ మీద బండ పేర్చిన చోట వేలెడు సందు మిగులుతుంది. పగలు చల్లగా, చీకటిగా ఉండే ఆ సందు తేలుకు కట్టి ఇచ్చిన ఇల్లు. పాత మట్టి మిద్దెల సంగతి చెప్పనే అక్కర్లేదు. దూలాల మీద దంతెలు, దంతెల మీద కట్టెలు, ఆపైన చౌడు మట్టి. మిద్దె సందుల్లోంచి జెర్రో తేలో పడకమీదికి రాలడం అక్కడ పెరిగినవారికి కొత్త కాదు. వేసవి రాత్రుల్లోనూ తొలకరి వానలు పడ్డాకా ఇవి ఎక్కువగా బయటికి వస్తాయి. పిల్లి కూడా రాత్రి తిరిగే జీవే.

పులివెందుల వైపు చీనీ తోటలు, అరటి తోటలు. చీనీ పూతకు వచ్చినప్పుడు తేనెటీగల రాక ఎక్కువ. చెట్టు కొమ్మకు చిన్న పట్టు పెట్టే బుల్లి తేనెటీగ, చెట్టు తొర్రలో ఉండే పుట్టతేనె ఈగ కాస్త నెమ్మదస్తులు. కొండచరియలకు, పెద్ద చెట్లకు, నీళ్ల ట్యాంకుల అడుగున ఒంటిపట్టు కట్టే పెద్ద తేనెటీగ అలా కాదు. గండికోట దగ్గర పెన్న చెక్కిన లోయ గోడల్లాంటి చోట్లు దీనికి అనువు. ఇది ఒంటరిగా కుట్టదు. ఒకటి కుట్టిన చోట వదిలిన వాసన మిగతావాటిని పిలుస్తుంది. పట్టు కిందికి పోయిన పిల్లికి పడేది ఒక్క పోటు కాదు, పదులు. పాలిచ్చే జంతువులకు ప్రాణాంతకమయ్యే మోతాదు ఒంటి బరువులో కిలోకు సుమారు 20 పోట్లని అంచనా వేశారు. నాలుగు కిలోల పిల్లికి ఆ లెక్క ఎంత దగ్గరో వేరే చెప్పనక్కర్లేదు. అలర్జీ లేకపోయినా అన్ని పోట్లకు ఎర్ర రక్తకణాలు పగులుతాయి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు దెబ్బతినవచ్చు.

ప్రొద్దుటూరు లాంటి పట్టణంలో పిల్లికి ఎక్కువగా ఎదురయ్యేది కందిరీగ. కిటికీ చట్రానికి, సజ్జ అడుగున, వాడని స్విచ్చిబోర్డు పక్కన కాగితం లాంటి గూడు కట్టే రోపలిడియా మార్జినేటా దక్షిణ భారతంలో అతి మామూలు జాతి. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గడగ్‌కర్ దశాబ్దాలపాటు దీని కాపురాన్ని పరిశీలించి 2001లో ఒక పెద్ద పుస్తకమే రాశాడు. రాణి పోతే ఆ స్థానంలోకి ఎవరొస్తారన్న దాని మీద ఆయన ప్రయోగాలు ప్రసిద్ధం. పిల్లికి ఆ రాజకీయం పట్టదు. ఎగురుతూ జారిపడిన ఈగను పంజా కింద నొక్కిపెడుతుంది.

ఎర్రచీమలు, చెట్టెక్కే నలుపు-ఎరుపు కొండచీమలు కూడా కుట్టేవే. అవి పిల్లిని బాధించేది తినేటప్పుడు కంటే గిన్నెలో మిగిలిన అన్నానికి చేరినప్పుడు.

మింగిన విషం కడుపులో అరిగిపోతుందన్న నియమానికి లొంగని పురుగు ఒకటి ఈ మెట్టపొలాల్లో ఉంది. కంది పూత మీద, బెండ పూల మీద వాలే నలుపు-నారింజ పట్టీల పెంకుపురుగు. ఇది కుట్టదు, కరవదు. కాని ఒంట్లో కాంతారిడిన్ అనే రసాయనం ఉంటుంది. అది ప్రోటీన్ కాదు కనుక కడుపులో అరగదు. తగిలిన చోటల్లా, నోరు మొదలు మూత్రాశయం దాకా, బొబ్బలెక్కిస్తుంది. కుట్టే పురుగును మింగితే ఫరవాలేదన్న మాట దీనికి వర్తించదు. పిల్లి దీన్ని నమిలిందని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వైద్యుడి దగ్గరికి తీసుకుపోవాలి.

మొదటి గంట

అనాఫిలాక్సిస్ వచ్చేదుంటే చాలాసార్లు నిమిషాల్లో, ఎక్కువగా గంటలోపు వస్తుంది. అందుకే ఆ గంట పిల్లి కంటి ముందు ఉండాలి. తలుపులు మూసి, మిద్దె మీదికో దొడ్లోకో పోకుండా ఒక గదిలో ఉంచడం మొదటి పని. దాక్కున్న పిల్లి బాగుందనుకోవడం పెద్ద పొరపాటు, ఎందుకంటే నొప్పి వస్తే దాక్కోవడమే దాని స్వభావం.

విశ్రాంతిగా ఉన్న పిల్లి నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీసుకుంటుంది. డొక్కల కదలిక 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరిపోతుంది. పడుకుని ఉండగా 40 దాటుతుంటే అనుమానించాలి. కుక్క నోరు తెరిచి రొప్పడం మామూలే. పిల్లి అలా రొప్పితే, మెడ ముందుకు చాచి మోచేతులు పక్కకు పెట్టి కూర్చుంటే, గొంతులో ఈల లాంటి చప్పుడొస్తే, అది ఆసుపత్రికి బయలుదేరాల్సిన క్షణం. చిగురు గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. తెల్లబడినా, నీలం తిరిగినా, పిల్లి తూలినా, ఆగకుండా వాంతులైనా, తెలివి తప్పినా ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు.

ఊపిరి బాగుండి, మూతి మాత్రమే వాచి ఉంటే చేసేది కొంచెమే. తడిబట్టలో చుట్టిన మంచుముక్కను వాపు మీద కొద్దికొద్దిసేపు ఆనించడం, అదీ పిల్లి ఒప్పుకుంటేనే. పెనుగులాట వాపు కన్నా హాని, ఊపిరి ఇబ్బంది ఉన్న పిల్లికైతే మరీ. తాగడానికి నీళ్లు, తినడానికి మెత్తటిది దగ్గర పెట్టాలి; నోట్లో పొయ్యకూడదు. వాచిన గొంతులో పోసిన నీళ్లు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం కూడా కూడదు. కక్కించినా మేలేమీ లేదు, విషం పొట్టలో లేదు గనక. పైగా ఉప్పే పిల్లికి విషంగా మారుతుంది.

చచ్చిన పురుగు మిగిలితే అగ్గిపెట్టెలోనో చిన్న డబ్బాలోనో వెంట తీసుకుపోవాలి. కనీసం ఫోనులో ఒక ఫోటో ఉండాలి. ఎందుకో తేలు దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

మందుపెట్టె

ఇటువంటి సందర్భాల్లో పిల్లులకు పురుగు చేసిన కీడు కంటే మనుషులు ప్రేమతో చేసిన కీడు తరచుగా పెద్దది. ఒళ్లు కాలుతున్నట్టుందని ఒక పారాసెటమాల్ ముక్క నూరి పాలల్లో కలపడం వాటిలో మొదటిది. మనిషి కాలేయం పారాసెటమాల్‌ను గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి బయటికి పంపుతుంది. పిల్లికి ఆ పని చేసే ఎంజైము లేనట్టే. ఒంటి బరువులో కిలోకు 10 మిల్లీగ్రాములు కూడా దానికి విషం కావచ్చు. ఇళ్లలో ఉండే 650 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క నాలుగు కిలోల పిల్లికి కిలోకు 40 మిల్లీగ్రాములవుతుంది. రక్తం ప్రాణవాయువును మొయ్యలేక గోధుమరంగుకు తిరుగుతుంది, చిగుళ్లు చాక్లెట్ రంగులోకి వస్తాయి, ముఖం, పాదాలు వాస్తాయి. ఆ వాపును చూసి పురుగు విషం ఎక్కుతోందనుకుని రెండో ముక్క ఇచ్చే ప్రమాదమూ ఉంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ కూడా ఇంటి చేతితో ఇవ్వదగినవి కావు.

రెండోది ఉల్లిపాయ. కుట్టిన చోట ఉల్లిగడ్డ కోసి రుద్దడం తెలుగు ఇళ్ల పాత వైద్యం. కడప జిల్లా మైదుకూరు వైపు పండే కృష్ణాపురం ఉల్లికి మంచి పేరుంది కూడా. మనిషి చేతి మీద రుద్దితే పోయేదేమీ లేదు. పిల్లి రుద్దినదాన్ని రుద్దినట్టే నాకేస్తుంది. ఉల్లి, వెల్లుల్లిలోని గంధక రసాయనాలు పిల్లి ఎర్ర రక్తకణాలను చిట్లగొట్టి రక్తహీనత తెస్తాయి. సున్నం పూస్తే నాలుక కాలుతుంది. కిరోసిన్, యూకలిప్టస్ నూనె, తలనొప్పి బామ్‌ల సంగతీ అంతే: పిల్లి ఒంటి మీద పూసినదేదైనా కాసేపటికి పిల్లి కడుపులో ఉంటుంది.

దగ్గు సిరప్‌లో అలర్జీ మందు ఉంటుంది కదా అని ఇచ్చేవారున్నారు. అలర్జీ మందుతోపాటు అమ్మోనియం క్లోరైడు, మరికొన్నిట్లో ముక్కు దిబ్బడ మందులు కలిసి ఉంటాయి. అలర్జీ మాత్రను పశువైద్యులు పిల్లులకు వాడతారన్నది నిజమే. ఏది, ఎంత అన్నది పిల్లిని తూచి చెప్పే మాట. అనాఫిలాక్సిస్ వచ్చాక ఆ మాత్ర ఒక్కటే ప్రాణం నిలపలేదు కూడా.

తేలు సంగతి

కడప ప్రాంతంలో ఇళ్ల దగ్గర కనిపించే తేళ్లలో రెండు రకాలు అందరికీ తెలుసు. పెద్ద డెక్కలతో, నల్లగా, చూస్తేనే దడ పుట్టించే మండ్రగబ్బ ఒకటి. సన్నటి డెక్కలు, లావు తోకతో ఎర్రగా ఉండే చిన్న తేలు రెండోది. చూపుకు భయపెట్టే మొదటిది విషంలో తక్కువది. రెండోది, హాటెన్‌టోటా టామ్యులస్, భారతదేశంలో అత్యంత ప్రమాదకరమైన తేలు. డెక్కలతోనే ఎరను నలిపెయ్యగలిగిన తేలుకు విషంతో అంత పనుండదు. డెక్కల బలం లేనిదే కొండిని నమ్ముకుంటుంది.

ఎర్రతేలు విషం నరాల సోడియం మార్గాలను మూసుకోనివ్వదు. నరాలు ఆగకుండా మోగి, ఒంట్లో అడ్రినలిన్ వరదలా పారుతుంది. రక్తపోటు ఎగదన్ని, గుండె అలసి, ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. మహారాష్ట్ర రాయగఢ్ జిల్లా మహాడ్‌లో హిమ్మత్‌రావ్ బావస్కర్ అనే వైద్యుడు గ్రామీణ రోగులను ఏళ్లతరబడి గమనించి, రక్తపోటు తగ్గించే ప్రజోసిన్ మాత్ర ఈ విషానికి విరుగుడుగా పనిచేస్తుందని చూపించాడు. తేలుకాటు మరణాలను బాగా తగ్గించిన ఆ పనికి 2022లో పద్మశ్రీ లభించింది. అది మనుషుల వైద్యం. పిల్లికి ఏది వాడాలన్నది పశువైద్యుడు రక్తపోటు, గుండె చూసి తేల్చాలి.

తేలుతో ఆడిన పిల్లి చాలాసార్లు గెలుస్తుంది. ముందు తోకను కొట్టి, ఆపైన తలవైపు నుంచి నమలడం నేర్చిన పిల్లులున్నాయి. ఓడిన పిల్లి విపరీతంగా చొంగ కారుస్తుంది, ఒళ్లు అదురుతుంది, కనుపాపలు విప్పారతాయి, కాలు నేల మీద మోపలేదు. కర్నూలు జిల్లా కోడుమూరులో శ్రావణ సోమవారం నాడు భక్తులు కొండ మీద రాళ్లెత్తి తేళ్లు పట్టి కొండలరాయుడికి సమర్పిస్తారు. ఆ రోజు తేలు కుట్టినా ఏమీ కాదని నమ్మకం. పిల్లికి అలాంటి సెలవు దినం లేదు.

ఇక్కడే పురుగు ఫోటో అక్కరకొస్తుంది. ప్రొద్దుటూరు పత్తి పొలాల్లో, పులివెందుల తోటల్లో పురుగుమందు చల్లడం మామూలు. మందు తగిలి గిలగిలా కొట్టుకునే పురుగు పిల్లికి ఇంకా సులువుగా దొరుకుతుంది. ఆర్గానోఫాస్ఫేట్ మందు ఒంట్లోకి పోయిన పిల్లి కూడా చొంగ కారుస్తుంది, ఒళ్లు అదురుతుంది. దాని కనుపాపలు మాత్రం సాధారణంగా చుక్కంతగా కుంచించుకుపోతాయి. ఆ విషానికి అట్రోపిన్ ప్రాణదాత. అదే అట్రోపిన్ ఎర్రతేలు కుట్టినప్పుడు గుండె వేగాన్ని, రక్తపోటును ఇంకా ఎగదోస్తుంది. పైకి ఒకేలా కనిపించే రెండు పిల్లులకు ఒకే సూది ఒకదాన్ని బతికించి మరొకదాన్ని ముంచగలదు. వైద్యుడికి ఏం తిన్నదో చెప్పగలిగితే ఆ ఊగిసలాట ఉండదు.

నోటి నురగకు ఇతర కారణాలూ ఉన్నాయి. గోదురుకప్పను కరిచిన పిల్లి నురగలు కక్కుతుంది. మూతి మీద రెండు గాట్లు పడి, వాపు గంటగంటకూ పెరుగుతూ, రక్తం కారడం ఆగకపోతే రక్తపింజరిని అనుమానించాలి. టీకా వెయ్యని పిల్లి కారణం లేకుండా చొంగ కారుస్తూ, మింగలేక, మీదపడి కరుస్తుంటే రేబిస్ కావచ్చు. ఆ పిల్లి కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రిలో టీకా వేయించుకోవాలి.

వైద్యుడి దగ్గరికి

ఈ మూడు ఊళ్లలో పశువైద్యశాలల పని ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెల చుట్టూ తిరుగుతుంది. పిల్లిని తీసుకుపోతే నవ్వుతారేమోనన్న మొహమాటం పల్లెల్లో ఇంకా ఉంది. ఆ మొహమాటానికి ఇప్పుడు కారణం లేదు. తిరుపతి కేంద్రంగా 2005లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాలను ప్రారంభించింది. విద్యార్థులకు చికిత్స నేర్పే చోటు గనక అక్కడ చిన్న జంతువులను కూడా చూస్తారు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు సుమారు 20 కిలోమీటర్లు. పులివెందుల నుంచి గంటకు పైగా ప్రయాణం, కాబట్టి అక్కడివారు ముందు స్థానిక వైద్యశాలలో మొదటి సూది వేయించి బయలుదేరడం మేలు. పులివెందులలో ఇందిరాగాంధీ పేరుతో కట్టిన పశు పరిశోధన కేంద్రం పరిశోధనకు ఉద్దేశించినది. పేరు చూసి పిల్లితో అక్కడికి పరుగెత్తితే సమయం వృథా. 2022 మేలో రాష్ట్రంలో మొదలైన సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.

పిల్లిని గోనెసంచిలో కట్టి తీసుకుపోవడం పాత అలవాటు. ఊపిరాడని పిల్లికి అదే ఆఖరి దెబ్బ కావచ్చు. చీనీకాయలు, టమోటాలు పోసే ప్లాస్టిక్ క్రేట్లు రెండు ఎదురెదురుగా బోర్లించి తాడు కడితే గాలాడే పెట్టె సిద్ధం. అడుగున పాత తువ్వాలు, వేసవైతే దాన్ని తడిపి పరచాలి. మే నెల మధ్యాహ్నం కిటికీలు మూసిన ఆటోలో ఎండ దెబ్బ కూడా విషంతో పోటీపడుతుంది.

అనాఫిలాక్సిస్‌లో వైద్యుడు ముందుగా అందుకునేది అడ్రినలిన్. కిలోకు 0.01 మిల్లీగ్రాము, అంటే నాలుగు కిలోల పిల్లికి 0.04 మిల్లీగ్రాము. ఒక మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే మామూలు ఆంప్యూలులో అది ఒకటి రెండు బొట్లకు మించదు. పెద్దవాళ్లకు వాడే 0.3 మిల్లీగ్రాముల మోతాదు దానికి ఏడు రెట్లకు పైగా. ఆపైన ప్రాణవాయువు, సెలైన్, శ్వాసనాళాలు విప్పే మందు, అలర్జీ మందు, స్టెరాయిడు. గొంతు పూర్తిగా మూసుకుపోతే గొట్టం వేస్తారు. కోలుకున్నట్టు కనిపించిన పిల్లిలో కొన్ని గంటలకు లక్షణాలు తిరగబెట్టే వీలుంది కనుక ఒక రోజంతా గమనింపులో ఉంచడం వాడుక.

ఇంటి దగ్గర

పెరట్లో పేర్చిన నాపబండలు, పిడకల గూడు, చెనక్కాయ కట్టె వామి, పత్తి కట్టె మోపు ఇంటి గోడకు ఆనకుండా కొన్ని గజాల దూరంలో ఉంటే తేలు ఇంట్లోకి రావడం తగ్గుతుంది. అతినీలలోహిత కాంతిలో తేలు ఒళ్లు పచ్చని నీలిరంగులో మెరుస్తుంది. దొంగనోట్లు పట్టడానికి ప్రొద్దుటూరు వ్యాపారులు వాడే చిన్న టార్చి చాలు, చీకట్లో గోడవార ఒకసారి వేసి చూడటానికి. సజ్జ కింద కందిరీగ గూడు చిన్నదిగా ఉన్నప్పుడే తీయించాలి. పెద్ద తేనెపట్టుకు మాత్రం పొగపెట్టే పని తెలిసినవారినే పిలవాలి, ఆ రాత్రి పిల్లిని లోపల కట్టడి చెయ్యాలి. దోమలకు, నల్లులకు కొట్టే పెర్మెత్రిన్ మందులు పిల్లికి ప్రాణాంతకం. పురుగుల బెడద తీర్చబోయి పిల్లినే పోగొట్టుకున్న ఇళ్లున్నాయి.

పోటు పడిన చోట వాపు ఒకటి రెండు రోజుల్లో తగ్గాలి. మూడో రోజుకు తగ్గకపోగా వేడెక్కి మెత్తబడితే చీము పట్టిందని అర్థం. నోరు నొప్పిగా ఉన్నన్నాళ్లు పిల్లికి పెరుగన్నం, ఉడికించి చిదిమిన చేపముక్క గోరువెచ్చగా పెట్టవచ్చు. రెండు రోజులు పూర్తిగా తినకపోతే, ముఖ్యంగా ఒళ్లున్న పిల్లికి, కాలేయంలో కొవ్వు చేరే జబ్బు మొదలవుతుంది. ఒకసారి ఊపిరి ఇబ్బంది పడిన పిల్లి సంగతి దాని టీకా కార్డు మీద రాయించి ఉంచితే, మరోసారి ఏ వైద్యుడి బల్ల మీదికి చేరినా మొదటి చూపులోనే తెలుస్తుంది.